బ్యాటరీ మీద మంట: ఫెట్ సర్క్యూట్ కిట్‌తో ఐదేళ్లు

నేను గుంటూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్ తెర మీద చేసి చూసే ప్రయోగాలు, సైన్స్ టీచర్లలో చాలామందికి తెలిసినవే. డబ్బులు కట్టక్కర్లేదు, ఫైల్ ఒకసారి దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. నేను రాయాలనుకున్నది వాటిలోని సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్ గురించి, అందులోనూ ఒక్క విషయం గురించి. అందులో తెర మీదే బ్యాటరీ, తీగలు, బల్బులు కలుపుకోవచ్చు. ఆ బ్యాటరీ రెండు కొనలనూ ఒక తీగతో నేరుగా కలిపితే (షార్ట్ చేస్తే) దాని మీద మంట బొమ్మ లేస్తుంది. ఆ మంట అంటే నాకు చాలా ఇష్టం. ఒకసారి నన్ను చాలా భయపెట్టింది కూడా అదే.

మొదటి ఏడాది టెన్త్‌లో ఒక అమ్మాయి ఉండేది. వాళ్ల నాన్న మిర్చి యార్డులో బస్తాలు మోసే ముఠా పని చేస్తాడు. ఏ ప్రశ్న అడిగినా తల దించుకునేది. ఆ రోజు ప్రొజెక్టర్ పెట్టి, ల్యాప్‌టాప్ ఆమె ముందుంచి, బల్బు వెలిగించమన్నాను. బల్బు మర్చిపోయి తీగను తిన్నగా బ్యాటరీ రెండో కొనకు తగిలించింది. గోడ మీద మంట లేచింది, క్లాసంతా అరిచింది. ల్యాప్‌టాప్ పాడు చేశాననుకుందేమో, చెయ్యి వెనక్కి లాక్కుని నా వైపు చూసింది. "తీగ తీసెయ్యమ్మా" అన్నాను. తీసింది, మంట పోయింది. ఒక్క నిమిషం ఆగి, "మళ్లీ చెయ్యనా మేడం?" అంది.

కరెంటు పాఠంలో నాకు ఆ మాట వినబడటం అదే మొదటిసారి. మా ల్యాబ్‌లో ఉన్నవి నాలుగు సెల్లులు, రెండు అమ్మీటర్లు. తప్పు కలిపితే సెల్లు దిగిపోతుంది, అమ్మీటర్ పోతుంది. అందుకని పిల్లలకు నేను చెప్పేదల్లా ముట్టుకోకండి అనే. ఇక్కడ తప్పు చేస్తే పోయేదేమీ లేదు. ఆ తర్వాత ఆ క్లాసు పందేలు కట్టడం మొదలుపెట్టింది. 9 వోల్టుల బ్యాటరీ, 10 ఓమ్‌ల బల్బు, అమ్మీటర్‌లో 0.90 ఆంపియర్లు. రెండో బల్బు శ్రేణిలో కలిపితే ఎంత? సమాంతరంగా కలిపితే ఎంత? 0.45, 1.80 అని పిల్లలే ముందు చెప్పి, తర్వాత కలిపి చూసుకునేవాళ్లు. బల్బులోకి వెళ్లిన కరెంటు బయటికొచ్చేటప్పుడు తగ్గిపోతుందని ఏటా సగం మంది రాస్తారు. బల్బుకు అటూ ఇటూ ఒకే వేగంతో నడిచే నీలం చుక్కలను చూశాక ఆ తప్పు బాగా తగ్గింది.

అప్పట్లో చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో దీన్ని మించింది లేదని చెప్పేదాన్ని. ఇప్పుడైతే అలా చెప్పను.

మూడో ఏడు పట్నంబజారులో ఒక 9 వోల్టుల బ్యాటరీ కొని తీసుకెళ్లాను. తెర మీద చూసింది చేతిలో కూడా చూపించాలని ఆశ. తీగతో రెండు మూడు క్షణాలు షార్ట్ చేశాను. మంట లేదు. కాస్త వేడెక్కింది, అంతే. పిల్లల ముఖాలు వాడిపోయాయి. ఒక అబ్బాయి, "అదంతా ఉత్త గేమే మేడం, నిజం బ్యాటరీకి ఏం కాదు. మా ఇంట్లో బండి బ్యాటరీ ఉంది, చేసి చూస్తా" అన్నాడు. బెల్లు కొట్టారు. నేను రిజిస్టర్ పట్టుకుని వేరే క్లాసుకు వెళ్లిపోయాను.

రాత్రి అన్నం వడ్డిస్తుండగా ఆ మాట గుర్తొచ్చి చేతులు చల్లబడ్డాయి. తొమ్మిదింటికి వాళ్లింటికి ఫోన్ చేశాను. వాళ్ల నాన్న ఎత్తాడు. "ఏమండీ మేడం గారూ, మావాడేమన్నా అల్లరి చేశాడా?" "అల్లరి కాదండీ. బండి బ్యాటరీ జోలికి మాత్రం వెళ్లనివ్వకండి." వాడు అప్పటికి దాన్ని ముట్టుకోలేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కూర్చుని కిట్‌లో రెండో భాగం, ల్యాబ్ అన్నది తెరిచాను. అందులో బ్యాటరీ లోపలి నిరోధం మార్చే స్లైడర్ ఒకటి ఉంది. మామూలుగా అది దాదాపు సున్నా దగ్గర ఉంటుంది. దాన్ని 1 ఓమ్‌కు జరిపితే మంట ఆరిపోయింది, అమ్మీటర్ 9 ఆంపియర్ల దగ్గర నిలిచింది. ఇన్నాళ్లూ నేను దాన్ని ముట్టుకోనే లేదు.

మర్నాడు అదే చూపించాను. నేను తెచ్చిన చిన్న బ్యాటరీకి లోపల ఓమ్ దాకా నిరోధం ఉంటుంది, అందుకే మంట రాలేదు. బండి బ్యాటరీలో అది ఓమ్‌లో వందో వంతుల్లో ఉంటుంది, స్లైడర్ సున్నా దగ్గర ఉన్నట్టే. దాన్ని షార్ట్ చేస్తే వందల ఆంపియర్లు పారి తీగ ఎర్రగా కాలుతుంది, చెయ్యి కాలుతుంది. ఫోన్ బ్యాటరీ కూడా ప్రమాదమే. ఆ అబ్బాయే లేచి, "అయితే గేమ్ చెప్పింది మా బండి గురించా మేడం?" అని అడిగాడు. అవునన్నాను.

ఇంకో లోటు నెమ్మదిగా తెలిసింది. తెర మీద తీగలు ఎప్పుడూ వదులు కావు, వాటికి ప్లాస్టిక్ తొడుగూ ఉండదు. పోయినేడు లెక్కలన్నీ చకచకా చేసిన పిల్లలు టార్చి బల్బు వెలిగించలేకపోయారు. తొడుగు ఒలవకుండానే తీగ చుట్టారు.

కొనే వస్తువు కాదు కాబట్టి వాడి చూడమనే చెబుతాను. నా సంగతి వేరు: గదిలో నలభై మందికి పైగా, ఇప్పుడు ఒకటే టచ్ ప్యానెల్, ల్యాబ్ అసిస్టెంట్ లేరు. నలుగురికో సెల్లు, బల్బు ఇవ్వగలిగిన బడిలో అయితే దీనితో మొదలుపెట్టకపోవచ్చు. ఏడో తరగతికి నేనే ముందు సెల్లు, బల్బు, తీగ చేతికిస్తున్నాను. టెన్త్‌కు మాత్రం ఈ ఏడూ మంటతోనే మొదలుపెడతాను, కానీ ఆ స్లైడర్ కూడా అదే పీరియడ్‌లో చూపిస్తాను. మర్నాటికి వదలను.