మేడ మీద గ్రో బ్యాగులు: ఏళ్ల తరబడి వాడాక

ముందే చెప్పేస్తాను. విశాఖలో మేడ మీద కూరలు, ఆకుకూరలు పెంచుకునేవాళ్లకి హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ గుడ్డతో కుట్టిన గ్రో బ్యాగులు, అంటే మొక్కలు పెంచే సంచులు, బాగా పనికొస్తాయి. నిమ్మ, జామలాంటి వాటికి వద్దు. మా మేడ మీద ఇవి చేరి చాలా ఏళ్లయింది. మొదట్లో కొన్నవాటిలో కొన్ని ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి, కొన్ని రెండు వేసవులకే పొడిపొడిగా రాలిపోయాయి.

నేను చోడవరం వైపు చెరకు పండే పల్లెలో పుట్టినవాణ్ణి. పెరట్లో ఆనపపాదు, దడి మీద చిక్కుడు లేకపోతే నాకు ఇల్లులాగే అనిపించదు. ఊరొదిలి వచ్చాక మేడ మీద మట్టి కుండీలు పెట్టాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వాటిని గోడకేసి కొట్టింది, పెంకులు ఏరుకున్నాం. ఊళ్లో నిలబడ్డ చెట్ల ఆకులు కూడా మాడిపోయిన రోజులవి. ఆ తరవాతే బ్యాగుల వైపు మళ్లాను. ఇవి దొర్లితే దొర్లుతాయి గానీ పగలవు. తుఫాను హెచ్చరిక రాగానే చిన్న బ్యాగుల్ని పిడులు పట్టుకుని మెట్లగది గోడ వారకి లాగేస్తాం.

కొనేముందు అడగాల్సింది జీఎస్ఎమ్ ఎంతని. ఒక చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క అది. 200 దగ్గరివి చవగ్గా దొరుకుతాయి, ఎండకి మాత్రం ఆగవు. 260 పైనవి, ఎండ దెబ్బకి తట్టుకునేలా యూవీ రక్షణ ఉన్నవి తీసుకోండి. పాత బ్యాగు అంచుని బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. వేలికి ఆకుపచ్చ పొట్టు అంటుకుందంటే దాని పని అయిపోయినట్టే. ఆ పొట్టంతా మట్టిలోకే పోతుంది, ఆ మట్టిలోదే మనం తినే తోటకూర. అందుకే నేను చిరిగేదాకా ఆగను, పొట్టు కనబడగానే మార్చేస్తాను.

రెండోది, నీళ్లు పోయే కన్నాలకి బిగించే రింగులు. ఇనుపవైతే మన ఉప్పుగాలికి తుప్పు పట్టి, చుట్టూ గుడ్డని కూడా తినేస్తాయి. హైదరాబాదులో ఉన్న మా చెల్లికి ఈ బాధే లేదు. సముద్రం దగ్గరివాళ్లు ప్లాస్టిక్ రింగులవే చూసుకోవాలి.

15 అంగుళాల బ్యాగు నిండా ఉత్త మట్టి పోసి తడిపితే 60 కిలోలు దాటుతుంది. అలాంటివి వరసగా పేరిస్తే స్లాబు మీద ఎంత బరువు పడుతుందో మీరే ఆలోచించండి. అందుకే బరువు తగ్గేలా నేను ఎర్రమట్టి, మాగిన పశువుల గెత్తం, కొబ్బరిపొట్టు సమపాళ్లలో కలిపి, బ్యాగుకి రెండు గుప్పిళ్లు వేపపిండి వేస్తాను. కొబ్బరిపొట్టులో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడు నీళ్లు మార్చి పిండాకే వాడాలి. అడుగున ఇటుకలు పెట్టి బ్యాగుని ఎత్తులో ఉంచితే నీళ్లు నిలవవు, స్లాబుకి మరకలు పడవు.

అసలు చిక్కు రోహిణి కార్తెలో వస్తుంది. పడమటి ఎండ తగిలే వైపు బ్యాగు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది, లోపల వేళ్లు ఉడికిపోతాయి. పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికి ఉండవు. బ్యాగుల్ని ఒకదానికొకటి ఆనించి గుంపుగా పెడతాను, బయటి వరసకి తడి గోనెపట్టా చుడతాను. ఈ విషయంలో మట్టి కుండీయే నయం, ఒప్పుకోవాలి.

బచ్చలి, తోటకూర, వంగ, మిరప హాయిగా వచ్చాయి. గోంగూర కోసేకొద్దీ చిగురిస్తూనే ఉంది. ఆనపకి 18 అంగుళాలది ఉండాలి, బ్యాగుకి ఒక్క మొక్కే. మేడ మీదికి పుప్పొడి మోసే పురుగులు తక్కువ వస్తాయి కాబట్టి, పొద్దుగూకాక పూలు విచ్చుకునే వేళ మగపువ్వు తుంచి ఆడపువ్వుకి అద్దాలి. మా పక్కింటి పిన్నిగారికి ఇది నేర్పాక ఆవిడ పాదుకి నా పాదుకంటే ఎక్కువ కాయలు! ఊరి నుంచి మా వదిన పంపే చిక్కుడు, బీర విత్తనాలు ఇప్పుడు మా వీధిలో చాలా మేడల మీద ఉన్నాయి. బదులుగా సింహాచలం సంపెంగలో, కాస్త పుల్లమజ్జిగో వస్తుంటాయి. మజ్జిగ మిరప మొక్కల మీద కొట్టడానికి.

నిమ్మ, కరివేపాకు విషయం వేరు. రెండు మూడేళ్లకి మొక్క ఎదగడం ఆపేసింది. తిరగేసి చూస్తే వేళ్లన్నీ బ్యాగు లోపల గుండ్రంగా చుట్టుకుని, మట్టి కనబడనంత బిగిసిపోయి ఉన్నాయి. గట్టిగా ఉన్న బ్యాగుని కూడా కోసి తీయాల్సి వచ్చింది. అవి ఇప్పుడు సిమెంటు తొట్లలో ఉన్నాయి.

పెద్ద బ్యాగులకి పిడులు ఉన్నా వాటిని నమ్మి ఎత్తకండి, కుట్టు ఊడిపోతుంది. అడుగు నుంచి ఇద్దరు పట్టుకోవాలి. రంగు, బొమ్మలు చూసి ఎక్కువ డబ్బులు పెట్టక్కర్లేదు.

నేనైతే మళ్లీ ఇవే కొంటాను. శ్రావణంలో చిక్కుడు పెట్టడానికి నాలుగు కావాలి, ఈసారి అన్నీ 18 అంగుళాలవే.