జీపీఎస్ అని చెప్పి బ్లూటూత్ బిళ్ళ అంటగట్టారు, విజయనగరం వాళ్ళు జాగ్రత్త

నిన్న మధ్యాహ్నం షాపు నుంచి వచ్చాను, ఇప్పటికీ కోపం తగ్గలేదు. రాసేదాంట్లో ముందూ వెనకా అయితే సర్దుకుని చదవండి. షాపు పేరు రాయను. టౌన్లో సెల్‌ఫోన్ సామాన్లు కొనేవాళ్ళు చాలామంది అక్కడికే వెళ్తారు కాబట్టి తెలిసేవాళ్ళకి తెలిసిపోతుంది. "సిమ్ అక్కర్లేదు, రీచార్జ్ అక్కర్లేదు, చార్జింగ్ అక్కర్లేదు, జీవితాంతం ఫ్రీ జీపీఎస్" అని అద్దాల బీరువాలో వేలాడదీసిన గుండ్రటి తెల్ల బిళ్ళ ఉంటుంది, దాని గురించే ఇదంతా.

మా అమ్మకి రెండేళ్ళుగా మతిమరుపు. మనుషుల్ని గుర్తుపడుతుంది, పాత సంగతులన్నీ చెప్తుంది, కానీ ఇంటి నుంచి రెండు వీధులు దాటితే తిరిగి రావడం తెలియదు. దసరాకి అమ్మని మా దగ్గరికి తెచ్చుకున్నాం. పైడితల్లమ్మ జాతరలో సిరిమాను ఊరేగింపు చూడాలని ఒకటే పట్టు. ఆ జనంలో ఎలాగా అని భయపడి, ఎవరో చెప్తే ఆ షాపుకెళ్ళాను. రెండు బిళ్ళలు 2,600 అన్నాడు, ఒకటి అమ్మకి, ఒకటి మా స్కూటీకి.

నేను అడక్కుండా కొనలేదు. "పెద్దావిడ కోసమండీ, తప్పిపోతే దొరుకుతుందా?" అని ఇదే మాట అడిగాను. "మేడం, అమెరికాలో ఉన్నా కనిపిస్తుంది" అన్నాడు. నా ఫోన్లో యాప్ వేసి, మ్యాప్ తెరిచి చూపించాడు, షాపు ఉన్నచోటే నీలం చుక్క. తర్వాత నా ఫోనూ బిళ్ళా రెండూ పట్టుకుని రోడ్డు మీదికి వెళ్ళి, అవతలి సందు దాకా నడిచి వెనక్కి వచ్చి, "చూడండి, మనతో పాటే ఎలా కదిలిందో" అన్నాడు. నిజంగానే కదిలింది. ఇంకేం కావాలి అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది, అది తర్వాత చెప్తాను.

మంగళవారం మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడ్డాం. పాలధార వెళ్ళింది, అంజలి రథం వెళ్ళింది, బెస్తవారి వల, తెల్ల ఏనుగు, వెనకాల సిరిమాను. ఆ జనం సంగతి మీకు చెప్పక్కర్లేదు. అంతకుముందు ఏడాది వరకూ అమ్మ కొంగూ నా కొంగూ ముడేసుకుని నిలబడేదాన్ని. ఈసారి వేసుకోలేదు. బిళ్ళ ఉంది కదా అని. దాన్ని అమ్మ కొంగు చివర ఓ రూపాయి బిళ్ళతో కలిపి నేనే గట్టిగా ముడేశాను. సిరిమాను దగ్గరికి రాగానే అందరూ అరటిపళ్ళు విసురుతున్నారు, నేను రెండు చేతులూ జోడించి దండం పెట్టుకోడానికి అమ్మ చెయ్యి వదిలాను. కళ్ళు తెరిచేసరికి పక్కన అమ్మ లేదు. ఆ ఒక్క క్షణానికి నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను. బిళ్ళ లేకపోతే ఆ చెయ్యి వదిలేదాన్ని కాదు.

వెంటనే యాప్ తెరిచాను. చుక్క మూడు లాంతర్ల దగ్గరే ఉంది. "ఇక్కడే ఉంది, ఇక్కడే ఎక్కడో ఉంది" అని మా తమ్ముడికి నేనే చెప్పాను. వాడు "స్టేషన్ వైపు చూసొస్తానక్కా" అంటుంటే నేనే వెళ్ళనివ్వలేదు. చుక్క కదలట్లేదంటే అమ్మ ఎక్కడో అరుగు మీద కూర్చుని ఉంటుందని ప్రతి షాపు మెట్టూ, ప్రతి సందూ, కరెంటు స్తంభం వెనకాలా చూశాం. ఎవరో పోలీసాయన మైకులో చెప్పిస్తానంటే కూడా "చుక్క ఇక్కడే చూపిస్తోందండీ" అని ఆయనకీ ఫోన్ చూపించాను. దాదాపు మూడు గంటలు. చీకటి పడింది. అమ్మ మధ్యాహ్నం మందు వేసుకోలేదు. ఆ టెన్షన్ పగవాళ్ళకి కూడా వద్దు.

చివరికి నా మాట కాదని తమ్ముడే వెళ్ళాడు. అమ్మ రైల్వే స్టేషన్ దగ్గర పైడితల్లమ్మ వనంగుడి పక్కన కొబ్బరికాయలమ్మే ఆవిడ చాప మీద కూర్చుని ఉంది. పెళ్ళైన కొత్తలో నాన్నతో రైలు దిగి ముందు వనంగుడికే వెళ్ళేవారట, కాళ్ళు అటే తీసుకెళ్ళాయి. ఆ కొబ్బరికాయలావిడ మంచినీళ్ళిచ్చి, బేరం కూడా వదులుకుని అమ్మని కదలనివ్వకుండా కూర్చోబెట్టింది, ఆమె కాళ్ళకి మొక్కినా తప్పులేదు. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి అమ్మ నన్ను చూసి, "ఏటే, ఎక్కడికెళ్ళిపోనావు, నీ కోసమే కూకున్నాను" అంది.

సరిగ్గా అప్పుడు నా చేతిలో ఫోన్ టింగుమంది. కనెక్ట్ అయిందని పచ్చగా వచ్చింది, మూడు గంటలుగా మూడు లాంతర్ల దగ్గర కదలకుండా ఉన్న చుక్క నా కళ్ళ ముందే ఎగిరి వనంగుడి మీద కూర్చుంది. అమ్మ దొరికాక, నేను అమ్మ పక్కన నిలబడ్డాక!

ఆ రాత్రి మా పెద్దబ్బాయి, ఈసీఈ చదువుతున్నాడు, ఆ బిళ్ళని గోరుతో తెరిచి చూపించాడు. లోపల కారు తాళాల్లో వేసే గుండ్రటి బ్యాటరీ, సీఆర్2032, మూడు వోల్టులది. ఒక చిన్న చిప్. అంతే. జీపీఎస్ లేదు, సిమ్ పెట్టే చోటు లేదు. ఇది బ్లూటూత్ లో ఎనర్జీ అంట, 2010లో బ్లూటూత్ 4.0తో వచ్చిన రకం. రెండు మూడు సెకన్లకోసారి "నేనిక్కడ ఉన్నాను" అని చిన్న కేక వేసి మళ్ళీ పడుకుంటుంది, అందుకే అంత చిన్న బ్యాటరీ ఏడాది దాకా వస్తుంది. ఆ కేక ఖాళీ మైదానంలో అయితే కొన్ని పదుల మీటర్లు వినపడొచ్చు. మనుషుల ఒళ్ళు తగిలితే ఇంకా తగ్గిపోతుంది, ఎందుకంటే ఆ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్ని మన ఒంట్లో ఉన్న నీరు పీల్చేసుకుంటుంది. అంత జనం మధ్యలో, అమ్మ కొంగు ముడిలో ఉన్న బిళ్ళ కేక ఎంత దూరం వెళ్తుంది?

మరి మ్యాప్‌లో చుక్క ఎక్కడిది? ఇది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. బిళ్ళకి తానెక్కడుందో తెలియనే తెలియదు. దాని కేక నా ఫోన్ విన్నప్పుడు, నా ఫోన్లోని జీపీఎస్ "నేనున్న చోటే అదీ ఉంది" అని రాసుకుంటుంది. కేక వినపడడం ఆగిపోతే చివరిసారి విన్న చోటే చుక్క నిలిచిపోతుంది. అంటే మూడు గంటలు నేను చూస్తూ ఏడ్చిన ఆ చుక్క మా అమ్మది కాదు, నాది. అమ్మ చెయ్యి వదిలినప్పుడు నేను నిలబడ్డ చోటు అది. షాపువాడు రోడ్డు మీద నడిచి చూపించిన చుక్క కూడా అంతే, కదిలింది నా ఫోన్. వాడికి ఇది తెలియకుండా ఉంటుందా? రెండూ కలిపి పట్టుకుని నడవడంలోనే ఉంది మోసమంతా. ఫోన్ నా చేతికిచ్చి బిళ్ళ మాత్రం వాడు పట్టుకుని వెళ్ళి ఉంటే అప్పుడే తేలిపోయేది.

ఒక మాట, బిళ్ళలన్నీ పనికిరానివని నేను అనట్లేదు. ఆపిల్ వాళ్ళ ఎయిర్‌ట్యాగ్ 2021లో వచ్చింది, గూగుల్ వాళ్ళు 2024లో ఆండ్రాయిడ్ ఫోన్లకి అలాంటి ఏర్పాటే తెచ్చారు. వాటిలోనూ జీపీఎస్ ఉండదు. కానీ ఆపిల్ దానికి ఐఫోన్, గూగుల్ దానికి ఆండ్రాయిడ్, దారిన పోయే ఎవరిదైనా ఆ కేక విని, వాళ్ళకి తెలియకుండానే మనకి చోటు చేరవేస్తుంది. మా బిళ్ళ ఆ రెండిట్లో దేనికీ చెందదు. దాని సొంత యాప్ ఉన్న ఫోన్లకే వినపడుతుంది, విజయనగరంలో ఆ యాప్ ఎంతమంది దగ్గర ఉంటుంది చెప్పండి. ఆ రోజు వీధుల్లో ప్రతి చేతిలోనూ ఫోన్ ఉంది, సిరిమానుని వీడియో తీస్తున్నారు. మా అమ్మ వాళ్ళందరి పక్క నుంచీ నడిచి వెళ్ళింది. ఒక్క ఫోన్ కూడా వినలేదు. ఇది మాత్రం నా మనసులోంచి పోవట్లేదు.

సరే, నిన్న షాపుకెళ్ళాను. నేను గొడవకి వెళ్ళలేదు. బిళ్ళలు రెండూ, డబ్బా, బిల్లూ కౌంటర్ మీద పెట్టి జరిగిందంతా చెప్పాను. చెప్తుంటే ఏడుపొచ్చింది. వాడు ఫోన్లోంచి తలెత్తలేదు. డబ్బా వెనక్కి తిప్పి, చీమంత అక్షరాల్లో ఉన్న బ్లూటూత్ అన్న మాట మీద వేలు పెట్టి, "ఇక్కడ రాసుంది కదా మేడం, చదువుకున్నవాళ్ళే కదా" అన్నాడు. జీపీఎస్ అన్నది మీరు కదా అంటే, "జనం అలాగే అంటారు, మేమూ అలాగే అంటాం" అన్నాడు. నేను గట్టిగా అడిగేసరికి, షాపులో ఇంకో నలుగురు ఉన్నారు, వాళ్ళందరి ముందూ, "తల్లిని మీరు చూసుకోవాలి గానీ బిళ్ళ చూసుకుంటుందా? మతి లేని ముసలావిడని అంత జనంలోకి ఎవరు తీసుకురమ్మన్నారు?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. 2,600 పోతే పోయాయి. ఆ మాట మాత్రం... అమ్మని సరిగ్గా చూసుకోలేదని నేను రాత్రంతా నన్ను నేను అనుకున్నదే అది, దాన్ని వీడు డబ్బులు ఎగ్గొట్టడానికి వాడుకున్నాడు. అమ్మ కోసమని చెప్పినప్పుడు "అమెరికాలో ఉన్నా కనిపిస్తుంది" అన్న నోరే అది. పక్కనున్న నలుగురిలో ఒకాయన తల దించుకున్నాడు, మిగతావాళ్ళు ఏమీ అనలేదు. మా అమ్మ మతి లేనిది కాదు. మరిచిపోతుంది, అంతే. నేనక్కడ ఈ మాట కూడా అనలేకపోయాను.

బిల్లు సంగతి కూడా చూడండి. చిన్న చీటీ మీద "మొబైల్ యాక్సెసరీస్ 2" అని రాసిచ్చాడు, కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ముద్ర. ఆ ముద్ర చూసి మనం నోరు మూసుకుంటాం కదా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకుని బిల్లులో చెప్పిన గడువులోగా, గడువే లేకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం అనుచిత వ్యాపారం కిందికి వస్తుంది. లేని గుణం ఉందని చెప్పి అమ్మడమూ అంతే. ఈరోజు పొద్దున్న జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. వినకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, ఐదు లక్షల లోపు విలువకి అక్కడ ఫీజు కూడా లేదు.

కొనాలనుకునేవాళ్ళు ఒక పని చేయండి. బిళ్ళని షాపులోనే వదిలేసి మీ ఫోన్ తీసుకుని నాలుగు వీధులు అవతలికి వెళ్ళండి, చుక్క షాపు మీదే ఉందో లేదో కాదు, బిళ్ళ కేక చివరిసారి విన్నట్టు యాప్ చూపించే సమయం మారుతోందో లేదో చూడండి. వీలైతే ఆ యాప్ లేనివాళ్ళ చేతికిచ్చి బిళ్ళని ఇంకో చోటికి పంపించి చూడండి. సిమ్ లేదు, చార్జింగ్ లేదు అంటే అది జీపీఎస్ ట్రాకర్ కాదు. అసలు జీపీఎస్ ట్రాకర్‌కి సిమ్ ఉంటుంది, డేటాకి డబ్బులు కట్టాలి, కొన్ని రోజులకోసారి చార్జింగ్ పెట్టాలి. మనుషుల కోసమైతే అదే అడగండి. ఎయిర్‌ట్యాగ్ వస్తువులకే గానీ మనుషులకి కాదని ఆపిల్ వాళ్ళే చెప్పారు. గూగుల్ ఏర్పాటు కూడా మామూలుగా జనం తిరిగే చోట్లే బాగా పనిచేస్తుంది, మన పల్లెల్లో పొలం గట్ల మీద దాన్ని నమ్ముకోకండి. బండిలో దాచుకుందామనుకునేవాళ్ళకి ఇంకోటి, ఆ రెండు కంపెనీల బిళ్ళలైతే తన వెంట తెలియని బిళ్ళ వస్తోందని దొంగ ఫోన్‌కే హెచ్చరిక వెళ్తుంది.

పెద్దవాళ్ళ జాకెట్టు లోపలి వైపు, లేదా చొక్కా కాలర్ లోపల ఫోన్ నంబర్ కుట్టించండి. నిన్న సాయంత్రం అమ్మవి నాలుగు జాకెట్లకి కుట్టాను. ఆ కొబ్బరికాయలావిడ దగ్గర ఫోన్ ఉంది, నంబర్ ఉండుంటే ఐదు నిమిషాల్లో ఫోన్ చేసేది.

ఆ షాపులో ఇదే తెల్ల బిళ్ళ మీలో ఎవరైనా కొనుంటే ఆ చీటీ పారేయకండి. ఫొటో తీసి నాకు పంపండి, నా ఫిర్యాదుతో కలిపి పెడతాను. ఈరోజు పొద్దున్న అటు వెళ్ళినప్పుడు చూశాను, అద్దాల బీరువాలో ఇంకా డజను పైనే వేలాడుతున్నాయి.