మా ఆరు వేసవి సెలవుల కెమెరా నికాన్ ఎఫ్ఎం2

మే నెల వచ్చిందంటే అక్క, బావ, పిల్లలిద్దరూ కరీంనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటికి వచ్చేస్తారు. పది రోజులు హైదరాబాద్ అంతా తిరుగుతాం. కరోనా వచ్చిన రెండేళ్లు తప్ప, 2018 నుంచి 2025 దాకా ఆ సెలవులన్నీ ఫిల్మ్ మీదే తీశాను.

మొదటి ఏడాది రెండు కెమెరా బాడీలు, మూడు లెన్సులు, ఫ్లాష్ మోసుకెళ్లాను. గోల్కొండ మెట్లు సగం ఎక్కేసరికి భుజం లాగేసింది. అంతకుముందు ఫతే దర్వాజా దగ్గర మేనకోడలు చప్పట్లు కొట్టి, పైన బాలాహిసార్‌లో ఉన్నవాళ్లకి వినిపించిందా అని తల ఎత్తి చూసింది. ఆ క్షణంలో నేను లెన్స్ మారుస్తున్నాను. ఆ ఫోటో లేదు, ఇక రాదు. అప్పటి నుంచి ఒక బాడీ, ఒక లెన్స్, ఒకే రకం ఫిల్మ్. బాడీ నికాన్ ఎఫ్ఎం2, ఫిల్మ్ కొడాక్ గోల్డ్ 200.

1982లో వచ్చిన ఈ కెమెరా షట్టర్ పూర్తిగా మెకానికల్. అందులో వేసే రెండు బిళ్ల బ్యాటరీలు వెలుతురు కొలిచే మీటర్‌కి మాత్రమే. 2022లో కుతుబ్ షాహీ సమాధుల దగ్గర బ్యాటరీ అయిపోయింది. అంచనాతోనే తీశాను: ఎర్రటి ఎండకి లెన్స్ రంధ్రం ఎఫ్16 (అంకె పెద్దదైతే రంధ్రం చిన్నది), షట్టర్ 1/250 సెకను. గుమ్మటాల నీడలోకి వెళ్తే ఎఫ్5.6. అంతే, రోల్ మొత్తం బాగా వచ్చింది. 1/4000 సెకను దాకా షట్టర్ స్పీడ్ ఉంది కాబట్టి నడి మధ్యాహ్నం కూడా ఇదే ఫిల్మ్‌తో ఎఫ్4 దాకా తెరవొచ్చు. వెనకాల జనం మసకబారి మనవాళ్ల ముఖాలు తేలుతాయి. మన ఎండలకి ఇది చాలా పెద్ద సౌకర్యం.

మీటర్‌ని గుడ్డిగా నమ్మకండి. సంతోష్‌నగర్ దగ్గరి పైగా వంశీకుల సమాధుల్లో తెల్లటి గోడ ముందు, తెల్ల చీరలో అమ్మని నిలబెట్టి మీటర్ చెప్పినట్టే తీశాను. గోడ బూడిద రంగుకి తిరిగింది, అమ్మ ముఖం నల్లబడింది. ఎదురుగా అంత తెలుపు ఉంటే మీటర్ వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించమంటుంది. ఇప్పుడు నా అరచేతిని అమ్మ ముఖం మీద పడే వెలుగులోనే పెట్టి కొలిచి, ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు వెలుతురు ఇస్తాను. కలర్ నెగటివ్‌కి వెలుతురు కాస్త ఎక్కువైనా పరవాలేదు, తక్కువైతే నీడలు పోతాయి. ఇంకోటి, మీటర్ పని చేయాలంటే ఫిల్మ్ ముందుకి జరిపే వైండింగ్ లివర్ కొంచెం బయటికి లాగి ఉంచాలి. ఎడమ కన్నుతో చూసేవాళ్లకి అది నుదుటికి తగులుతుంది. కొనేముందు కంటికి పెట్టుకుని చూడండి.

ఫిల్మ్ వేశాక మూత మూసి, ఎడమ వైపు రీవైండ్ గుండీని మెల్లగా బిగువు వచ్చేదాకా తిప్పండి. తర్వాత లివర్ లాగినప్పుడు ఆ గుండీ వెనక్కి తిరగాలి. తిరగలేదంటే ఫిల్మ్ కదలడం లేదని అర్థం. నేను చూసుకోకుండా 2019లో ఒక రోజంతా తీశాను. నాన్న కట్ట మీద కూర్చుని మనవడికి మామిడిపండు తినిపించినవి అందులోనే ఉండాలి. ల్యాబ్ నుంచి ఖాళీ రోల్ వచ్చింది. నాన్న ఇప్పుడు లేరు. అందుకే ఈ ఒక్క విషయం ఎవరు అడిగినా, అడగకపోయినా చెప్తాను.

లెన్స్ విషయానికొస్తే మొదట 50 ఎంఎం వాడాను. ఒక్క ముఖం తీయడానికి అద్భుతం, కుటుంబానికి ఇరుకు. లాడ్ బజార్‌లో గాజుల దుకాణం ముందు అక్క చెయ్యి చాపి కూర్చుంది. అతను ఆమె వేళ్లు దగ్గరకి నొక్కి లక్క గాజు మెల్లగా మణికట్టు మీదికి ఎక్కిస్తున్నాడు. అక్క ముఖం, ఆ చెయ్యి, పక్కన ఎదురుచూస్తున్న పిల్ల, మూడూ పట్టాలంటే నేను వెనక్కి జరగాలి. జరిగితే మధ్యలోకి జనం వచ్చేస్తారు. మరుసటి ఏడాది ఇంకా వెడల్పుగా పట్టే 35 ఎంఎం కొన్నాను. 50 మళ్లీ బీరువాలోంచి తీయలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా మాట 35 తోనే మొదలుపెట్టండని.

ఫిల్మ్‌కి వేడి పడదు. ఎండలో ఆపిన కారులో ఎప్పుడూ వదలను. స్టీలు టిఫిన్ డబ్బాలో పొడి తువ్వాలు చుట్టి నా వెంటే ఉంచుకుంటాను. ఫ్రిజ్‌లోంచి తీసిన రోల్ అయితే వాడే ముందు గంటసేపు డబ్బీ మూత తెరవను, లేకపోతే చెమ్మ పడుతుంది.

నాకు ఇష్టమైన ఫోటోలు మాత్రం నేను తీసినవి కావు. 35 ని ఎఫ్8 లో, ఫోకస్ మూడు మీటర్ల దగ్గర పెడితే సుమారు రెండు నుంచి ఏడు మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. స్పీడ్ నేనే పెట్టి కెమెరా మేనకోడలి చేతికిస్తాను. "మామా, అమ్మమ్మ పక్కకి జరుగు!" అని అరిచి నొక్కుతుంది. కిందటేడు చార్మినార్ ముందు తీసిన దానిలో మినార్లు సగానికి తెగిపోయాయి. అమ్మ "జల్ది తియ్యి బిడ్డా, కాళ్లు కాల్తున్నయ్" అంటూ నవ్వుతోంది, పక్కన నేను కూడా ఉన్నాను. దాన్నే ఫ్రేమ్ కట్టించాను.