మిద్దెతోటకు నీళ్ళ టైమర్: ఊరెళ్ళినప్పుడు ఎంతవరకు నమ్మొచ్చు

రెండు రోజులు ఎటైనా వెళ్ళొద్దామని అనుకోగానే మా ఇంట్లో ముందుగా లేచే మాట "మొక్కలకు నీళ్ళెవరు పోస్తారు?" అని. ఉప్పల్ వైపు రెండంతస్తుల ఇల్లు మాది. పైన డెబ్బై ఎనభై దాకా గ్రో బ్యాగులు, కుండీలు ఉన్నాయి. స్లాబు మీద బరువు పడకూడదని మట్టి తగ్గించి కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు ఎక్కువ కలుపుతాం. దాంతో ఏప్రిల్ వచ్చిందంటే పొద్దున పోసిన తడి సాయంత్రానికి ఉండదు. కింది పోర్షన్‌లో అద్దెకున్నవాళ్ళు చాలా మంచివాళ్ళు, అడిగితే కాదనరు. కానీ ఆఫీసుకు వెళ్ళాల్సిన మనుషులను పొద్దున్నే మెట్లెక్కి అరగంట పైపు పట్టుకోమని ఎన్నిసార్లు అడుగుతాం? సీసాలు బోర్లించి మట్టిలో గుచ్చడం, బకెట్‌లోంచి నూలు ఒత్తులు వేయడం అన్నీ చేసి చూశాను. కరివేపాకుకు, మల్లెకు ఎలాగో సరిపోయేవి. టమాటా, వంగ మాత్రం మేం వచ్చేసరికి తలలు వాల్చేసేవి.

అందుకే నల్లాకు బిగించే బ్యాటరీ టైమర్, దానికి మొక్క మొదట్లో చుక్కచుక్కగా నీళ్ళు వదిలే డ్రిప్ పైపులు కొన్నాం. కొన్నేళ్ళుగా వాడుతున్నాం కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాయొచ్చనిపించింది. ఎలా బిగించాలో, బటన్లు ఎలా నొక్కాలో చూపించే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి, అవి వదిలేస్తున్నాను.

దీనిలో నాకు ప్రాణమైన సంగతి ఒక్కటే. మనం ఊళ్ళో లేనప్పుడు కూడా చెప్పిన వేళకు నీళ్ళు వదిలి, చెప్పిన వేళకు ఆపేస్తుంది. ఇంతకుముందు ఎక్కడికెళ్ళినా మధ్యాహ్నం ఎండ చూసినప్పుడల్లా మిద్దె గుర్తొచ్చేది. నాగార్జునసాగర్ వెళ్ళి ఎత్తిపోతల దగ్గర నిలబడి కూడా "బెండ ఎండిపోయి ఉంటుందేమో" అని ఆలోచించిన మనిషిని నేను. ఆ టెన్షన్ పోవడం ఎంత సుఖమో మొక్కలు పెంచేవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

అయితే మొదట కొన్న టైమర్ ఆ ఒక్క పనిలోనే మమ్మల్ని ముంచింది. ఇంట్లో ఉండి వారం పాటు చూసుకున్నాం, బాగానే తెరుచుకుంది, మూసుకుంది. ఆ నమ్మకంతోనే అరకు టికెట్లు తీశాం. రాత్రి రైల్లో విశాఖ చేరి, పొద్దున కిరండూల్ రైలు ఎక్కాం. 2017లో ఆ దారిలో పెట్టిన అద్దాల పెట్టెలో, విస్టాడోమ్ అంటారే, అందులో సీట్లు దొరికాయి. ఆ దారిలో 58 సొరంగాలు. చీకట్లోంచి బయటపడిన ప్రతిసారీ ఒక కొత్త లోయ కనిపిస్తుంటే పిల్లలు కేకలు పెడుతూనే ఉన్నారు. బొర్రా స్టేషన్‌లో దిగి గుహల్లోకి వెళ్ళాం. సున్నపురాయి మీద నీళ్ళు చుక్కచుక్కగా కారి, లక్షల ఏళ్ళు పట్టి తయారైన ఆకారాలవి. లోపల ఫోన్ పలకలేదు. పైకి వచ్చేసరికి కింది పోర్షన్ అమ్మాయి చేసిన కాల్స్ వరసగా ఉన్నాయి.

"అక్కా, మీరు పైన నీళ్ళేమైనా వదిలి వెళ్ళారా? గోడంతా ఎర్రటి నీళ్ళు కారుతున్నాయి. పొద్దున లేచేసరికి ట్యాంకు ఖాళీ. మోటారేసి నింపితే సంపు అడుగంటింది, పైనేమో నీళ్ళు పోతూనే ఉన్నాయి" అంది. వాళ్ళింట్లో చంటిబిడ్డ ఉంది. మాకు నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, ఆ రోజు వచ్చే రోజు కాదు. నేను బొర్రా మెట్ల దగ్గర నిలబడి, మిద్దె మీదికెళ్ళి టైమర్ పైనున్న నల్లా తిప్పి కట్టేయమని చెప్పాను. కట్టాక తను చెప్పిన మాట ఇంకా బాధపెట్టింది. "అక్కా, దీని తెర మీద ఆఫ్ అనే ఉంది మరి." అంటే ముందురోజు సాయంత్రం మేం బయల్దేరాక పది నిమిషాల కోసం తెరుచుకున్న వాల్వు, మూసేశానని తెర మీద చూపిస్తూ రాత్రంతా పూర్తిగా మూసుకోకుండానే ఉంది.

మిగిలిన అరకు అంతా నాకు అలాగే గడిచిపోయింది. అక్కడి కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ తోటల మధ్య కూర్చుని ఆ కాఫీ తాగాలని ఎన్నాళ్ళ నుంచో ఆశ. తీరా కప్పు చేతికి వచ్చే వేళకు నేను ఫోన్‌లో నీళ్ళ ట్యాంకర్ ఎప్పుడొస్తుందని కనుక్కుంటున్నాను. ఇంటికొచ్చి చూస్తే టమాటా బ్యాగుల్లో నీళ్ళు నిలిచి వేర్లు కుళ్ళడం మొదలైంది. కంపోస్టు సారమంతా కొట్టుకుపోయి, కొత్తగా రంగేసిన గోడ మీద చారలుగా దిగింది.

కొన్న షాపులో అడిగితే "మీ నీళ్ళలో చెత్త వచ్చి ఉంటుంది మేడం" అన్నారు. ఫిల్టర్ తీసి చూశాం, శుభ్రంగా ఉంది. కంపెనీకి ఫోన్ చేస్తే బ్యాటరీలు మార్చమన్నారు. మార్చినా అంతే. ఒకసారి సరిగ్గా మూసుకుంటుంది, ఒకసారి సన్నగా వదులుతుంది. చివరికి మా ఆయన దాన్ని తీసుకెళ్ళి కింద వాకిట్లో ఉన్న నల్లాకు బిగించి చూశారు. అక్కడ ఎన్నిసార్లు నొక్కినా టక్కున తెరుచుకుంది, టక్కున మూసుకుంది. పైకి తెస్తే మళ్ళీ అదే తంతు.

అప్పుడు అర్థమైంది, సమస్య నీళ్ళ ఒత్తిడిదని. ఈ రకం టైమర్ల లోపల రబ్బరు పొర ఉంటుంది. కరెంటుతో కదిలేది చిన్న రంధ్రమే, అసలు పొరను గట్టిగా నొక్కి మూసిపెట్టేది నీళ్ళ ఒత్తిడే. పది మీటర్ల ఎత్తు నుంచి నీళ్ళు దిగితే దాదాపు ఒక బార్ (ఒత్తిడిని కొలిచే కొలత) ప్రెషర్ వస్తుంది. మా ట్యాంకు స్టాండు మీద ఉన్నా, మిద్దె మీది నల్లాకు దానికీ మధ్య ఎత్తు మీటరున్నర ఉంటే గొప్ప. అంటే బార్‌లో ఆరో వంతో ఏడో వంతో. ఆ కాస్త ఒత్తిడికి పొర సరిగ్గా కూర్చోదు. వాకిట్లో రెండంతస్తుల ఎత్తు కలుస్తుంది కాబట్టి పనిచేసింది.

నా కోపం ఇక్కడే. మన దగ్గర మిద్దెతోటలు చాలావరకు పక్కనే ఉన్న ట్యాంకు నీళ్ళ మీదే బతుకుతాయి. "మిద్దెతోటలకు ప్రత్యేకం" అని పెద్దక్షరాల్లో అచ్చేసిన పెట్టె మీద కనీస ప్రెషర్ ఎంత ఉండాలో ఒక్క ముక్క లేదు. మిద్దెకోసమే అని చెప్పి అడిగి కొన్నా షాపులో చెప్పలేదు. ఆ ఒక్క అంకె రాసి ఉంటే చంటిబిడ్డ ఉన్న ఇంట్లో ఒక రోజంతా నీళ్ళు లేకుండా పోయేది కాదు.

తర్వాత బాల్ వాల్వు ఉన్నది కొన్నాం. దానిలో రంధ్రమున్న గుండ్రటి బంతిని చిన్న మోటారు తిప్పుతుంది, ఒత్తిడితో పనిలేదు. తెరుచుకునేటప్పుడు, మూసుకునేటప్పుడు కొన్ని క్షణాలు గుర్రుమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ప్రాణం హాయిగా ఉంటుంది. ధర కొంచెం ఎక్కువ, బ్యాటరీలు కూడా త్వరగా తింటుంది. పర్వాలేదు.

దీన్ని నమ్మి రామప్పకు వెళ్ళిన ప్రయాణం మాత్రం నిజంగా ప్రయాణంలా ఉంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. శిఖరానికి నీళ్ళలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. స్తంభాల పైన ఏటవాలుగా నిలిపిన నల్లరాతి మదనికలను, అంటే స్త్రీ శిల్పాలను, ఒక్కొక్కదాన్నీ తీరిగ్గా చూస్తూ సాయంత్రం దాకా ఉండిపోయాం. లక్నవరం చెరువు చూసి ఆ రాత్రే ఇంటికి రావాలని మొదట అనుకున్నాం. పిల్లలు ఉయ్యాల వంతెన మీద నుంచి కదలకపోతే, ఇంకో రాత్రి ఉందామన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడం మా ఇంట్లో అందరికీ ఆశ్చర్యమే. తిరిగొచ్చాక మిద్దెక్కి చూస్తే దొండ పందిరి నిండా పూత.

ఆ ఊపులో తెలిసినవాళ్ళందరికీ "కళ్ళు మూసుకుని కొనండి" అని చెప్పాను. ఇప్పుడైతే కొంచెం ఆగి చెబుతాను. తక్కువ ఒత్తిడిలో డ్రిప్పర్లు, అంటే పైపుకు ఉండే చుక్కలు వదిలే నోళ్ళు, అన్నీ ఒకేలా కారవు. పైపు మొదట్లో ఉన్న బ్యాగులకు ఎక్కువ, చివరివాటికి తక్కువ. మేం లైనును మూడు పాయలుగా చీల్చాక కాస్త సర్దుకుంది. డ్రిప్పర్ ఒక్కచోటే తడుపుతుంది కాబట్టి తోటకూర, పాలకూర లాంటి మళ్ళకు ఇది చాలదు. కొత్తగా మొలిచిన నారుకు అసలే పనికిరాదు. మాది బోరు నీళ్ళు కూడా కలిసే ట్యాంకు, డ్రిప్పర్ల నోట్లో తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో నానబెట్టి కడగాలి. ఎండాకాలంలో ఉడతలు దాహానికి సన్న పైపులు కొరుకుతాయి. వాటికోసం పక్కన ఒక మూకుడులో నీళ్ళు పెట్టడం మొదలుపెట్టాక కొంత తగ్గింది. వానను ఇది కనిపెట్టలేదు, కుండపోతగా కురుస్తున్నా తన వేళకు తను నీళ్ళు వదులుతుంది. అందుకే జూలై, ఆగస్టుల్లో ఆపేసే ఉంచుతాం.

మాకైతే రెండు మూడు రోజుల ప్రయాణాలకు ఇది చాలు. చలికాలంలో, అంటే దసరా నుంచి సంక్రాంతి దాకా, నిశ్చింతగా వదిలి వెళ్తాం. మే నెలలో రోజుకు రెండుసార్లు పెట్టినా కింది అమ్మాయికి ఒక మాట చెప్పే వెళ్తాను, తను మధ్యలో ఒకసారి పైకెళ్ళి చూస్తుంది. వారం పైన ఊరెళ్ళేవాళ్ళకు, నల్లా నీళ్ళు సరిగ్గా రానివాళ్ళకు నేను హామీ ఇవ్వలేను. ట్యాంకులో నీళ్ళు లేకపోతే ఏ టైమర్ మాత్రం ఏం చేస్తుంది? ట్యాంకు పక్కనే తోట ఉంటే బాల్ వాల్వుదే కొనండి, ప్రెషర్ లేకపోయినా పనిచేస్తుందని పెట్టె మీద రాసి ఉందో లేదో చూసుకోండి. అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తుల వాళ్ళకు, ప్రెషర్ పంపు ఉన్నవాళ్ళకు మొదటి రకం కూడా సరిపోవచ్చు. మా పాత టైమర్‌ను మా చెల్లెలు తన బాల్కనీకి తీసుకెళ్ళింది. ఐదంతస్తుల బిల్డింగ్‌లో మొదటి అంతస్తు తనది. మొన్న గండికోట వెళ్ళొచ్చినప్పుడు కూడా చుక్క వృథా కాలేదట, పుదీనా కూడా బాగానే ఉందట.