మోర్‌లాండ్ మెజోటింట్ కొంటున్నారా? ఫ్రేమ్ విప్పి చూపించని చోట కొనకండి

ఇంగ్లండ్‌లో ఉంటూ పాత మెజోటింట్ ప్రింట్లు (రాగి రేకును గరుకు చేసి, చేత్తో చెక్కి అచ్చు వేసిన బొమ్మలు) సేకరించే మన తెలుగువాళ్ల కోసం ఈ హెచ్చరిక. తల్లీబిడ్డలు, దాదులు, పల్లె కుటుంబాలు ఉండే, పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లిష్ చిత్రకారుడు జార్జ్ మోర్‌లాండ్ బొమ్మల కోసం వెతుకుతున్నవాళ్లు తప్పకుండా చదవండి. ఆన్‌లైన్‌లో ఒక పాత వస్తువుల వ్యాపారి 1788 నాటి అసలు ప్రతి అని చెప్పి నాకు ఇరవయ్యో శతాబ్దపు ఫొటోగ్రావ్యూర్ (చేత్తో చెక్కకుండా, ఫొటో పద్ధతిలో రేకు తయారుచేసి అచ్చు వేసిన నకలు) అంటగట్టాడు. తీసుకున్నది 380 పౌండ్లు. ఆ కాగితానికి ముప్పై పౌండ్లు ఇచ్చినా ఎక్కువే.

బొమ్మ పేరు ‘ఎ విజిట్ టు ది చైల్డ్ ఎట్ నర్స్’. పల్లెటూళ్లో దాది దగ్గర పెరుగుతున్న బిడ్డను చూడటానికి కన్నతల్లి వస్తుంది. ఖరీదైన బట్టలు, పెద్ద టోపీ. బిడ్డ మాత్రం ఆవిడ దగ్గరికి పోదు, దాదినే కరుచుకుని ఉంటుంది. మోర్‌లాండ్ గీసిన ఆ చిత్రాన్ని విలియం వార్డ్ రాగి రేకు మీద మెజోటింట్‌గా చెక్కాడు. వీళ్లిద్దరిదీ మన భాషలో చెప్పాలంటే కుండమార్పిడి సంబంధం, 1786లో ఒకరి తోబుట్టువును ఒకరు పెళ్లాడారు. ప్రింటును 1788లో లండన్‌లో ప్రచురించింది జాన్ రఫాయెల్ స్మిత్. ఆ తల్లి ముఖంలో కష్టం నాకు చాలా ఇష్టం. ఇలాంటి బొమ్మలంటే మనసు పడేవాళ్లనే ఈ వ్యాపారులు కనిపెట్టి పట్టుకుంటారు, అదే నాకు ఎక్కువ బాధ.

ప్రకటనలో ‘1788 తేదీ ఉంది, అసలు మెజోటింట్, ఆనాటి రంగులు, పాత ఫ్రేమ్’ అని రాశారు. తేదీ ఉన్నమాట నిజమే. మోసమంతా దాని చుట్టూనే తిరిగింది. 1735లో వచ్చిన చట్టం ప్రకారం హక్కులు కావాలంటే యజమాని పేరు, ప్రచురించిన తేదీ రేకు మీదే చెక్కాలి. తర్వాతి కాలంలో నకళ్లు తీసినవాళ్లు బొమ్మతో పాటు ఆ వాక్యాన్ని కూడా దించేశారు. కాబట్టి ఆ తేదీని బట్టి బొమ్మ మొదట ఎప్పుడు వెలువడిందో తెలుస్తుంది గానీ, మన చేతిలో ఉన్న కాగితం ఎప్పటిదో తెలియదు. వ్యాపారికి ఇది తెలియదంటే నేను నమ్మను. ఫ్రేమ్ విప్పి వెనకవైపు ఫొటో పంపమని అడిగితే, వెనక అంటించిన కాగితం కూడా పాతదే, చింపితే విలువ పోతుందన్నాడు. తేదీ ఉన్న వాక్యాన్ని మాత్రం దగ్గరగా, స్పష్టంగా ఫొటో తీసి పంపాడు. ఇలాంటి జవాబు వస్తే అక్కడితో ఆపేయండి.

వచ్చాక ఫ్రేములు కట్టే అతని చేత జాగ్రత్తగా విప్పించాను. బొమ్మ చుట్టూ అంచులు కత్తిరించి, అట్టకు జిగురుతో పూర్తిగా అంటించేశారు. అంచులు లేకపోవడం ఒక్కటే మోసానికి గుర్తు కాదు, పాత సేకర్తలు కూడా అలా కత్తిరించేవారు. కానీ యూవీ టార్చ్ వేస్తే కాగితం నీలంగా వెలిగింది. కాగితం తెల్లగా కనిపించడానికి అలా వెలిగే రసాయనం కలపడం సుమారు 1950 నుంచే ఉంది. 1788 కాగితం అలా వెలగదు. ఇక టెన్షన్ మొదలైంది.

తర్వాత పదిరెట్ల భూతద్దం పెట్టి చూశాను. మెజోటింట్ చేసేవాళ్లు ముందు రాకర్ అనే పళ్ల పనిముట్టుతో రాగి రేకంతా గరుకు చేస్తారు. అలాగే సిరా పట్టించి అచ్చు వేస్తే కాగితమంతా నిండు నలుపు వస్తుంది. వెలుగు కావలసిన చోట ఆ గరుకును గీకి నున్నగా రుద్దుతారు. అందుకే అసలు ప్రతిలో మరీ నల్లగా, మరీ తెల్లగా లేని చోట్ల రాకర్ నడిచిన దారులు సన్న చుక్కల వరసలుగా, ఒకదాన్నొకటి కోసుకుంటూ కనిపిస్తాయి. నాకు వచ్చినదాంట్లో ఆ దారులే లేవు. దాది గౌను మడతల్లో, బిడ్డ బుగ్గ మీద, వెనక గోడ మీద ఎక్కడ చూసినా ఇసుక చల్లినట్టు ఒకే రకం పొడి. అది ఫొటోగ్రావ్యూర్ లక్షణం. ‘ఆనాటి రంగులు’ అన్నవి పైన కుంచెతో ఈమధ్య వేసినవే.

భూతద్దం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇవే పాత బొమ్మలను మళ్లీ నిజమైన మెజోటింట్‌గా చెక్కి, రంగుల్లో అచ్చు వేసి, కింద పెన్సిల్‌తో సంతకం పెట్టి అమ్మారు. అవి నిజాయితీగా చేసిన పనులే, కొన్ని చాలా బాగుంటాయి. ఆ సంతకం ఉన్న అంచు కత్తిరించేసినా, మౌంట్ (ఫ్రేములో బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) కింద దాచినా పద్దెనిమిదో శతాబ్దపు సరుకుగా చలామణి అవుతాయి. వాటిలో రాకర్ దారులు కూడా కనిపిస్తాయి. అప్పుడు కాగితం, నలుపు, కింది అక్షరాల చెక్కుడు చూడాలి. బ్రిటిష్ మ్యూజియం తన ప్రింట్లు చాలావాటిని ఆన్‌లైన్‌లో ఉచితంగా చూపిస్తోంది, పెద్దది చేసి అక్షరం అక్షరం పోల్చుకోవచ్చు. ఇంకో మాట, రాగి రేకు మీద ఆ గరుకు త్వరగా అరిగిపోతుంది, మంచి ప్రతులు ఒకటి రెండు వందలు వస్తే ఎక్కువ. ఎప్పుడు చూసినా ‘అసలు, తొలి ప్రతి’ స్టాకులో ఉండే దుకాణాన్ని అనుమానించాల్సిందే.

వాపసు అడిగితే, ఫ్రేమ్ విప్పారు కాబట్టి కుదరదన్నాడు. అది చెల్లదు. వ్యాపారి దగ్గర ఆన్‌లైన్‌లో కొంటే 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు ఉంది. చెప్పిన వస్తువు కాకపోతే 2015 నాటి వినియోగదారుల చట్టం కింద 30 రోజుల్లో తిరస్కరించవచ్చు. వస్తువు ధర 100 పౌండ్లు దాటి 30,000 మించకపోతే, క్రెడిట్ కార్డుతో కట్టినవాళ్లు 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం సెక్షన్ 75 కింద కార్డు కంపెనీనే అడగవచ్చు. నాకు డబ్బు వెనక్కి వచ్చింది అలాగే. ప్రకటన స్క్రీన్‌షాట్లు, యూవీ వెలుగులో తీసిన ఫొటోలు బాగా పనికొచ్చాయి. స్వయంగా వెళ్లి పాల్గొనే వీలున్న బహిరంగ వేలంలో కొంటే మాత్రం ఆ 14 రోజుల హక్కు ఉండదు. కాబట్టి వేలంపాటలో చెయ్యి ఎత్తేముందే వస్తువును ఫ్రేమ్ బయట చూడండి, అడిగితే చాలా చోట్ల చూపిస్తారు.

ఇదంతా ఇప్పుడే రాయడానికి ఒక కారణం ఉంది. అదే వ్యాపారి దీని జత బొమ్మ ‘ఎ విజిట్ టు ది చైల్డ్ ఎట్ హోమ్’ను అమ్మకానికి పెట్టాడు. అవే మాటలు: తేదీ ఉంది, ఆనాటి రంగులు, పాత ఫ్రేమ్. ఫొటోలన్నీ అద్దం మీదుగా తీసినవే, వెనకవైపుది ఒక్కటీ లేదు. ఎక్కడ ఈ బొమ్మ ఇలాంటి మాటలతో కనబడినా, ఫ్రేమ్ విప్పిన ఫొటో, యూవీ కింద ఫొటో, బిడ్డ బుగ్గ మీద భూతద్దం పెట్టి తీసిన ఫొటో, ఈ మూడూ వచ్చేదాకా డబ్బు కట్టకండి.