తిరుపతిలో ఆడవాళ్ల ఒంటి మీద చూపుల గురించి ప్రదర్శన: కలంకారీ గుడ్డ కోసమైనా వెళ్లండి

ఆడమనిషి ఒంటిని సరుకులా చూడటం గురించి, ఫైన్ ఆర్ట్స్ చదివే అమ్మాయిలు కొందరు కలిసి పెట్టిన ప్రదర్శన ఇది. టికెట్ లేదు, ఆదివారం దాకా ఉంటుంది.

అన్నిట్లోకీ గొప్పది కలంకారీ గుడ్డ. శ్రీకాళహస్తి పద్ధతిలో వెదురు కలంతో వేశారు. మామూలుగా రామాయణం కథ వేసినట్టే గళ్లుగళ్లుగా విడగొట్టి, లోపల మాత్రం పెళ్లిచూపులు వేశారు. ఒక గడిలో జడ పొడుగు చూస్తున్నారు, ఇంకోదాంట్లో అమ్మాయిని నడిపిస్తున్నారు, మరోదాంట్లో చెయ్యి పక్కన చెయ్యి పెట్టి రంగు పోలుస్తున్నారు. చూసేవాళ్లందరికీ కలంకారీలో ఉండే ఆ పెద్ద పెద్ద కళ్లే, బెల్లం, ఇనుప ముక్కలు నానబెట్టి తీసే కసిమితో నల్లగా దిద్దినవి. అమ్మాయి మాత్రం ఏ గడిలోనూ లేదు! ఆమె ఉండాల్సిన చోట కరక్కాయ, పాలలో నానబెట్టిన గుడ్డని లేత పసుపుగా అట్లాగే వదిలేశారు, కసిమి గీత ఆమె అంచు దాకా వచ్చి ఆగిపోతుంది. ఒళ్లు చూపించకుండా, ఒంటిని ఎట్లా చూస్తారో చూపించారు. నా పక్కన నిలబడ్డ పెద్దావిడ "మమ్మల్నీ ఇట్లే నడిపిచ్చి చూసినారు లేమ్మా" అని చాలాసేపు అక్కడి నుంచి కదల్లేదు.

చీరల షాపుల బయట ఉండే తల లేని బొమ్మలు తెచ్చి నడుముకీ ఛాతీకీ ధర చీటీలు కట్టింది మాత్రం నాకు నచ్చలేదు. కుర్రాళ్లు దాని పక్కన నిలబడి నవ్వుకుంటూ ఫొటోలు దిగుతున్నారు, అంటే ఏ చూపును తప్పు పట్టాలనుకున్నారో దానికే మళ్లీ మేత వేసినట్టయింది. 1974లో ఇటలీలోని నేపుల్స్‌లో మరీనా అబ్రమోవిచ్ అనే కళాకారిణి 72 వస్తువులు బల్ల మీద పెట్టి, వీటితో నన్ను ఏమైనా చేసుకోండని 6 గంటలు కదలకుండా నిలబడితే, జనం బట్టలు కోశారు, తుపాకీ కూడా గురిపెట్టారు. అక్కడ ఎదురుగా ఉన్నది ప్రాణమున్న మనిషి కాబట్టి చేసినవాళ్ల బండారం బయటపడింది. ప్లాస్టిక్ బొమ్మ ముందు ఎవరికి జంకు?

గెరిల్లా గర్ల్స్ అనే ఆడ కళాకారుల బృందం వేసిన 1989 పోస్టర్ గురించి ఒక గోడ కేటాయించారు, మంచి పని. న్యూయార్క్ మెట్ మ్యూజియం ఆధునిక కళ విభాగంలో ఆడ కళాకారులు 5 శాతం కూడా లేరు, నగ్న చిత్రాల్లో మాత్రం 85 శాతం ఆడవాళ్లవే అని లెక్కగట్టి చెప్పిన పోస్టర్ అది.

ఆ వివరమంతా ఇంగ్లీషులోనే రాశారు, అదే బాధ. కలంకారీ ఎవరూ చెప్పకుండానే అర్థమైన ఆ పెద్దావిడకి ఈ గోడ నేను చదివి చెప్పాల్సొచ్చింది. తెలుగులో కూడా రాసి అంటించమని అక్కడి పుస్తకంలో రాశాను, మీరూ రాయండి. సంబంధాలు చూస్తున్న ఇళ్లవాళ్లయితే అబ్బాయిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి.