సబ్జెక్టు లేని మెయిళ్లకు రౌండ్‌క్యూబ్ ఫిల్టర్లు: ఒక ప్రెస్సు అనుభవం

హన్మకొండలోని మా ప్రింటింగ్ ప్రెస్సుకు వచ్చే శుభలేఖల మ్యాటర్, ఫ్లెక్సీల ఫొటోలు, బిల్లుబుక్కుల నమూనాలు అన్నీ ఒకే మెయిల్ ఐడీకి చేరుతాయి. వాటి నడుమ సబ్జెక్టు గడి ఖాళీగా ఉన్న చెత్త మెయిళ్లు కూడా రోజూ వచ్చి పడుతుంటాయి. వీటిని వేరు చేయడానికి మా హోస్టింగ్‌తో (మెయిల్ సర్వర్‌ను అద్దెకిచ్చే సేవతో) పాటే లభించిన రౌండ్‌క్యూబ్ అనే వెబ్‌మెయిల్‌లోని (బ్రౌజర్‌లో మెయిల్ చూసుకునే సాధనంలోని) ఫిల్టర్లను నాలుగు నెలలుగా వాడుతున్నాము.

తెరపై "నో సబ్జెక్ట్" అని కనిపిస్తున్నది కదా అని మొదట ఆ మాటలతోనే ఫిల్టర్ పెట్టాను; ఒక్క మెయిల్ కూడా చిక్కలేదు. ఆ మాటలు మెయిల్‌లో ఉండవు, ఖాళీని చూసి తెర తానుగా చేర్చుకునేవి. పైగా ఈమెయిల్ రూపం ఎలా ఉండాలో చెప్పే 2008 నాటి ప్రమాణపత్రం ఆర్ఎఫ్‌సీ 5322 ప్రకారం మెయిల్‌కు తేదీ, పంపినవారి చిరునామా ఉంటే చాలు, సబ్జెక్టు తప్పనిసరి కాదు. అందువల్ల కొన్ని మెయిళ్లలో సబ్జెక్టు అనే వరుసే ఉండదు, మరికొన్నింటిలో వరుస ఉండి దాని ఎదుట ఏమీ ఉండదు.

రౌండ్‌క్యూబ్ ఫిల్టర్ల వెనుక పనిచేసే సీవ్ అనే మెయిల్ నియమాల భాష ఈ రెండింటినీ ఒకే నియమంతో పట్టుకోగలగడం నాకు బాగా నచ్చిన విషయం. సబ్జెక్టును ఎంచుకొని, "నాట్ మ్యాచెస్ ఎక్స్‌ప్రెషన్" పెట్టి, పక్క గడిలో ప్రశ్నార్థకం, దాని వెంటనే నక్షత్రం గుర్తు రాయాలి. ప్రశ్నార్థకం అంటే ఒక అక్షరం, నక్షత్రం అంటే ఆ తర్వాత ఎన్నైనా. అంటే కనీసం ఒక్క అక్షరం కూడా లేని సబ్జెక్టు అని అర్థం. ముందు వెనుకల ఖాళీలను సీవ్ లెక్కలోకి తీసుకోదు కనుక, స్పేస్ బార్ మాత్రమే నొక్కి పంపినవి కూడా దొరికిపోతాయి.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. చర్యగా "డిలీట్ మెసేజ్" ఎంచుకున్నాను. పరకాల నుంచి ఒక పెద్దమనిషి చేతిరాతతో ఉన్న లగ్నపత్రికను ఫోన్‌లో ఫొటో తీసి, ఒక్క మాటైనా రాయకుండా పంపారు. అది చెత్తబుట్టలో కూడా కనిపించలేదు, వెనక్కి తిరిగి వెళ్లనూ లేదు. మూడో రోజు ఆయన ప్రూఫ్ చూసుకుందామని దుకాణానికి వస్తే, మేము మెయిలే చూడలేదని చెప్పవలసి వచ్చింది.

ఇప్పుడు తొలగించడం మానేసి, "మూవ్ మెసేజ్ టు" ద్వారా వేరే ఫోల్డర్‌కు పంపుతున్నాము. దానికి తోడు, పరిమాణం వంద కేబీల కంటే తక్కువ ఉండాలన్న షరతును కూడా కలిపాము. ఫొటోలు సాధారణంగా అంతకన్నా పెద్దవి కనుక ఇన్‌బాక్స్‌లోనే నిలుస్తాయి. పాత ఖాతాదారుల చిరునామాల నుంచి వచ్చే మెయిళ్లను గుర్తించే నియమాన్ని అన్నిటికన్నా పైన పెట్టి, అక్కడితో మిగతా నియమాలు ఆగిపోయేలా చేశాము. నియమాలు సర్వర్‌లోనే నడుస్తాయి కాబట్టి దుకాణంలోని కంప్యూటర్ ఆపి ఉన్నా ఫోన్‌లో ఇన్‌బాక్స్ శుభ్రంగానే ఉంటుంది.

లోపాలు లేకపోలేదు. అప్పటికే వచ్చి ఉన్న పాత మెయిళ్లను ఈ ఫిల్టర్ ముట్టుకోదు. వాటిని చేత్తోనే ఏరుకోవాలి. సబ్జెక్టు పెట్టుకొని వచ్చే చెత్తకు ఇది మందు కాదు. హోస్టింగ్ వారు ఈ సదుపాయాన్ని తెరిచి ఉంచకపోతే సెట్టింగుల్లో ఫిల్టర్ల పేరే కనిపించదు కనుక, డబ్బు కట్టే ముందే అడిగి తెలుసుకోవడం మేలు.

మా ఎస్టిమేట్ చీటీల కింద "సబ్జెక్టులో ఊరు, పెళ్లి తేదీ రాయగలరు" అని అచ్చు వేయించాము. అయినా ఖాళీగా పంపేవారు పంపుతూనే ఉన్నారు, అందుకని ఆ ఫోల్డర్‌ను ఉదయం షట్టర్ తీయగానే ఒకసారి, సాయంత్రం పని అచ్చుకు పంపే ముందు మరొకసారి తెరిచి చూస్తున్నాము.